అయిదు శాతం నూక

మిల్లు చిమ్నీల బూడిద వచ్చి
డాబా మీద ఆరేసిన చొక్కాల మీద వాలితేనే
మిర్యాలగూడకు చేరినట్టు నాకు.
దానికి ముందువన్నీ లెక్కల రావు.
శంషాబాదు, పంతంగి టోలుగేటు,
నార్కట్‌పల్లిల డ్రైవర్ వెంకులు లేపి తాగించిన చాయ్.

ఈసారి కువైట్ల మూడు గంటల పని.
తిరిగి వస్తుంటే బహ్రెయిన్ల తొమ్మిది గంటల కుర్చీ.
ఎప్పుడైనా గింతే,
బస్తా నిండ ఊక, అడుగున పిడికెడు గింజలు.

కోయా సాబ్ నల్లటి ట్రేల నా బియ్యం పోసి
భూతద్దం దగ్గరికి గుంజుకున్నడు.
విరిగినవి ఒక పక్కకు జరుపుకుంట లెక్కపెట్టిండు.
అయిదు దాటితే టన్నుకు ఇరవై డాలర్లు కోత.
ఆయన నా మొఖం చూడలే,
నేను ఆయన వేలి కొసనే చూసిన.
"నాలుగు పాయింట్ ఎనిమిది" అన్నడు.
అప్పుడు గుర్తొచ్చింది, పొద్దటి నుంచి నీళ్లు తాగలేదని.

తొమ్మిది గంటలు ఏం చేస్తడు మనిషి?
ఫోన్ల ఒక టైము, గోడకు ఒక టైము,
కడుపుల మిర్యాలగూడ టైము.
అత్తరు దుకాణం పిల్ల గంటకోసారి
అదే కాయితం ముక్క నా ముక్కు దగ్గరికి తెస్తది,
నేను గంటకోసారి కొత్తగ తల ఊపుత.
కన్ను అంటుకుంటది, ఏదో ఊరి పేరు పిలుస్తరు,
మనది కాదు.
ఆ రాత్రి నా నిద్ర మొత్తం నూకే.

సంచి తనిఖీ చేసినోడు శాంపిల్ కవర్ సరిగ మూయలే.
గేటు దగ్గర సంచి ఎత్తంగనే
అద్దమసొంటి నేల మీద జలజల.
మిల్లుల మోకాలు లోతు బియ్యంల నడిచేటోన్ని,
ఆడ అడుగు తీసి అడుగు వెయ్యలేక నిలబడ్డ.

ఎదురు కుర్చీల మనిషి లేచొచ్చి కిందికి ఒంగిండు.
ఒక కాలు పూరా మడత పడలే, పక్కకు చాపుకున్నడు.
దోసిట్లకు ఎత్తి, ఒక గింజ పండ్ల కింద పెట్టిండు.
టక్కుమన్నది.
"మంచిగ ఆరినయి," అన్నడు తెలుగుల.
మళ్లొకసారి అరచెయ్యి వెలుగుకు పట్టి
"ఏరిన బియ్యం గదా సేటూ?"

భూతద్దానికి దొరకని ముచ్చట.

సక్రు అట పేరు. చందంపేట దిక్కు తండా.
"మా అమ్మ ఏరేది, మీ దిక్కు మిల్లులనే.
నిండు గింజలు శాంపిల్‌కు, నూకలు కొంగుల మాకు.
నలుగురం నూకల మీదనే పెరిగినం."

కాలు సంగతి నేనడగలే, తనే చెప్పిండు.
సాల్మియాల నాలుగో అంతస్తు, పరంజా చెక్క జారింది,
కింద ఇసుక కుప్ప ఉన్నది.
"ఇంక నూకలున్నయి సేటూ నాకు" అని నవ్వి
టైల్స్ సందుల ఇరుక్కున్న ముక్కల్ని
గోటితోని ఒక్కొక్కటి ఎత్తుకుంటనే ఉన్నడు.

విమానంల నాది ముందు, తనది ఎక్కడో వెనుక.
దిగినంక మళ్ల కనబడలే.
నా కార్ల మూడు సీట్లు ఖాళీ.
ఆ మాట నాకు నార్కట్‌పల్లి చాయ్ దగ్గర యాదికొచ్చింది.
తన దారి వేరే, మాల్ మీదికెళ్లి పోవాలె.
అయినా.

ఇప్పుడు షెడ్డుల సైదమ్మ
వచ్చే నెల శాంపిల్ ఏరుతున్నది.
ఏరకు, ఉన్నది ఉన్నట్టు పొయ్యి అనాలనుకున్న.
అనలే. ఆర్డరు ఆరువందల టన్నులది.
ఆమె నూకల్ని కొంగు చివర ముడేసుకుంట
నన్ను చూసి ఆగింది:
"పిడికెడే సేటూ, గట్ల చూస్తవేంది?"

జేబుల చెయ్యి పెడితే
బోర్డింగ్ కార్డు మడతల ఒక సగం గింజ.
పండ్ల కింద పెట్టుకున్న.
టక్కుమనలే, మెత్తగ నలిగింది.
తేమ పద్నాలుగు దాటినట్టుంది.